పిరికివాడు కాడు, బెదిరినవాడు

ఈ మాసం మా శీర్షికను ఒక క్షమాపణతో మొదలుపెట్టవలసి వస్తున్నది. నిరుడు ఉగాదినాడు మన సంఘ మందిరంలో పిల్లల పద్యపఠనం జరిగింది. పదమూడేళ్ల కుర్రవాడొకడు వేదిక ఎక్కి, మైకు ముందు నిలబడి, నోరు తెరిచి, మాట పెగలక, చెమటలు కక్కుతూ దిగిపోయాడు. దిగిపోతున్నవాడి భుజం తట్టి మేము ఒక మాట అన్నాము: "ఏమోయ్, ఇంత పిరికివాడివేమిటి!" చనువుకొద్దీ అన్న మాటే. నలుగురూ నవ్వారు, మేమూ నవ్వాము. ఆ మాట అక్కడితో పోయిందనుకున్నాము.

పోలేదు. గత మాసం గ్రంథాలయంలో పత్రికలు సర్దుకుంటూ ఉండగా ఆ పిల్లవాని తల్లి వచ్చింది. కాసేపు ఏవో పుస్తకాలు తిరగవేసి, చివరకు మా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"అన్నయ్యగారూ, మావాడు తెలుగు పుస్తకం తెరవడమే మానేశాడండీ. బళ్లో పరీక్ష అంటే చాలు, తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతి. ఇంట్లో అందరికీ వాడు పిరికివాడైపోయాడు. మా మామగారైతే, మన తాతలు బండ్లు కట్టుకుని ముక్కూ మొహం తెలియని సీమకు వచ్చి నిలదొక్కుకున్నారు, వీడు మైకును చూసి జడుస్తాడా అంటారు. చిన్నప్పుడు నాకూ ఇంతేనండీ. ఇది నా నుంచే వచ్చిందంటారా?"

మేము అన్న మాటను ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేది. "చదివి చెబుతానమ్మా" అని పంపించాము. అప్పటినుంచి ఈ భయం అనేది మెదడులో ఎట్లా పుడుతుంది, ఎట్లా నిలుస్తుంది అని చదువుతూనే ఉన్నాము. చదివినంతలో మాకు అర్థమైనది, ఆమె అనుమతితోనే, మన పాఠకులందరితో పంచుకుంటున్నాము. మైకు ముందు నోరు పెగలని పిల్లలు మనలో ఒక్క ఇంటికే పరిమితం కారు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో, పైన ఇంగ్లీషు. మన పిల్లలు ఏ భాషలో తప్పు మాట్లాడినా నవ్వేవాళ్లు సిద్ధంగానే ఉంటారు.

మొట్టమొదట తెలుసుకోవలసినది, ఆ కడుపునొప్పి నటన కాదు. పాము గానీ, ప్రశ్నపత్రం గానీ, బెదురు పుట్టించేది ఎదుటపడగానే శరీరంలో రెండు అలలు లేస్తాయి. మొదటిది క్షణాలమీద లేచేది. నరాలు, అడ్రినలిన్ అనే హార్మోను కలిసి గుండెను దడదడలాడిస్తాయి, చెమట పట్టిస్తాయి, కడుపును తిప్పుతాయి. రెండవ అల కొన్ని నిమిషాలు ఆగి వస్తుంది. మెదడు అడుగుభాగాన హైపోథలమస్ అనే చిన్న భాగం ఉన్నది. అది తన కిందనే వేలాడే పిట్యూటరీ గ్రంథికి కబురంపుతుంది. పిట్యూటరీ రక్తం ద్వారా, మూత్రపిండాలమీద టోపీల్లాగా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు కబురంపుతుంది. అవి కార్టిజోల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. మనం చెప్పుకోబోయేది ఈ రెండవ అల సంగతి.

దీని జాడ తీసినవారిలో ముఖ్యుడు హాన్స్ సెల్యే. 1936లో ఆయన కెనడాలో, మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంనుంచి 'నేచర్' పత్రికకు ఒక చిన్న లేఖ రాశాడు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరచినా, మితిమీరి పరుగెత్తించినా, మందులు ఎక్కించినా, బాధ ఏదైనా సరే లోపల జరిగే మార్పు ఒక్కటేనని అందులో చెప్పాడు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతున్నాయి, రొమ్ములోని థైమస్ గ్రంథి కుంచించుకుపోతున్నది, జీర్ణాశయంలో పుండ్లు పడుతున్నాయి. బాధలు వేరైనా శరీరం పలికే పలుకు ఒకటే అన్నమాట.

అంతమాత్రాన కార్టిజోల్ విషమని ఎంచరాదు. అది లేనిదే మనిషి బతకలేడు. అడ్రినల్ గ్రంథులు చెడి కార్టిజోల్ కరువైనవారు దానిని మందుగా తీసుకుని బతకవలసి ఉన్నది. నిత్యమూ నడిరాత్రి ప్రాంతంలో ఇది రక్తంలో అతి తక్కువగా ఉంటుంది. తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి, మనం నిద్రలేచేవేళకు హెచ్చుగా ఉంటుంది. మనలను పక్కమీదనుంచి లేపి పనిలో పెట్టేవాటిలో ఇదొకటి.

మరి ఇంత మంచి హార్మోను ఒకరిని పనికి పురికొల్పి, మరొకరిని మైకు ముందు కొయ్యబారేటట్లు ఎందుకు చేస్తున్నది?

దీనికి జవాబు హార్మోనులో కంటే దానిని వినే చెవులలో ఎక్కువగా ఉన్నది. కార్టిజోల్ దండోరా వేసేవాని వంటిది. దండోరా ఊరంతటికీ ఒక్కటే. విని ఎవరు లేస్తారు, లేచి ఏమి చేస్తారు అన్నది ఆ ఇంటి చెవులనుబట్టి ఉంటుంది. కణాలలో ఉండే ఈ చెవులను శాస్త్రజ్ఞులు గ్రాహకాలంటారు. ఇవి చాలవరకు కణం లోపలే ఉంటాయి. హార్మోను లోనికి వెళ్లి గ్రాహకాన్ని అంటుకోగానే రెండూ కలిసి కణకేంద్రంలోకి పోయి, అక్కడి జన్యువులలో కొన్నింటిని మేలుకొలుపుతాయి, కొన్నింటిని జోకొడతాయి. అందుకే ఒక పూట పడిన బెదురు ఫలితం గంటలు, రోజులు నిలుస్తుంది.

1968లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్యూవెన్, ఆయన సహచరులు ఎలుకలకు ఈ జాతి హార్మోనునే, ఆచూకీ తెలిసేటట్లు రేడియోధార్మికత కలిగించి ఎక్కించారు. అది మెదడులో అన్నిచోట్లకంటె ఎక్కువగా హిప్పోకాంపస్ అనే భాగంలో నిలిచింది. ఏది ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది అనే జ్ఞాపకాలను కూర్చే భాగం అది. భయపు హార్మోను వెళ్లి జ్ఞాపకపు ఇంట్లో దిగుతున్నదని దానితో తెలిసింది.

1985లో నెదర్లాండ్స్‌లో రోల్, డి క్లూట్ అనే శాస్త్రజ్ఞులు ఇంకొక విశేషం తేల్చారు. ఎలుక మెదడులో ఈ హార్మోనుకు ఉన్న చెవులు ఒక రకం కాదు, రెండు రకాలు. ఒకటి మినరలోకార్టికాయిడ్ గ్రాహకం, రెండవది గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం. పేర్లు నోరు తిరగనివి. కాబట్టి మన పాత ఇళ్లలోని ఒక నాయనమ్మను, ఒక తాతగారిని తలచుకుందాం.

నాయనమ్మది చురుకు చెవి. నట్టింట పిల్లి అడుగు వేసినా మేలుకుంటుంది. మొదటి రకం గ్రాహకం అటువంటిది. హార్మోను రవ్వంత ఉన్నా పట్టుకుంటుంది. దీని పట్టు రెండవదానికంటె ఇంచుమించు పదిరెట్లు ఎక్కువ. ఏ గొడవా లేని వేళ కూడా ఇది పనిలోనే ఉండి, ఇల్లు కనిపెట్టుకుని, వచ్చిన చప్పుడు పిల్లిదా, దొంగదా అని తేల్చడానికి సాయపడుతుంది.

తాతగారికి చెవి మందం. దండోరా గట్టిగా మోగితే తప్ప లేవడు. రెండవ రకం గ్రాహకం అటువంటిది. హార్మోను బాగా పెరిగినప్పుడే, అంటే ఉదయపు పోటులోనో, ఆపదవేళనో, పూర్తిగా పనిలోకి వస్తుంది. లేచిన తాతగారు రెండు పనులు చేస్తాడు. అరుగుమీదికి వచ్చి "విన్నాం, ఇక చాలు, వెళ్లు" అని దండోరావానిని పంపించేస్తాడు. అంటే హైపోథలమస్‌కు, పిట్యూటరీకి ఆపుమని చెప్పేది ఈ గ్రాహకమే. తరువాత లోపలికి వెళ్లి, జరిగినదంతా ఇంటి దస్తరంలో రాసిపెడతాడు. బెదురు పుట్టిన సంఘటనలు మనసులో చెరగకుండా నిలవడం ఈ రాతవల్లనే.

తాతగారి రాత అవసరమే. పాము కరవబోయిన చోటు మరచిపోతే ఎట్లా? అయితే రాత మరీ ముదిరితే తాడును చూసినా పామనుకునే స్థితి వస్తుంది.

ఇది మేము ఉపమానంకోసం అల్లినది కాదు, చిట్టెలుకలమీద పరీక్షించి చూచినదే. వాటి బెదురును కొలవడానికి ఒక ఉపాయమున్నది. నేలకు ఎత్తుగా, కూడిక గుర్తు ఆకారంలో నాలుగు బాటలు కడతారు. రెండు బాటలకు ఇరుపక్కలా గోడలుంటాయి, రెండింటికి ఉండవు. బెదురు ఎక్కువైన ఎలుక గోడలచాటునే నక్కుతుంది, తక్కువైనది బయటి బాటల్లోకి వచ్చి చూస్తుంది. 1999లో జర్మనీలో గుంటర్ షూట్స్ ప్రయోగశాలవారు నాడీమండలంలో మాత్రం రెండవ రకం గ్రాహకం లేని చిట్టెలుకలను పుట్టించారు. ఆపేవారు లేకపోవడంచేత వాటి రక్తంలో హార్మోను పెరిగిపోయింది. అయినా వాటికి బెదురు తగ్గింది! దండోరా ఎంత మోగినా వినేవారు లేరు మరి. 2004లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంవారు ముందరి మెదడులో ఈ గ్రాహకాన్నే ఎక్కువచేసి చూస్తే బెదురు పెరిగింది. 2007లో మొదటి రకాన్ని, అంటే నాయనమ్మను, ఎక్కువచేసి చూస్తే బెదురు తగ్గింది. కాబట్టి హార్మోను ఎంత ఉన్నదని అడిగితే సరిపోదు. ఇద్దరు పెద్దలకూ పొందిక ఎట్లా ఉన్నదని అడగాలి.

ఇక మన ముంగిట జరిగిన పని ఒకటి చెప్పాలి. బెంగుళూరులో బళ్లారి రోడ్డుమీద, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో, నేషనల్ సెంటర్ ఫర్ బయొలాజికల్ సైన్సెస్ అనే సంస్థ ఉన్నది. అక్కడ సుమంత్ర చటర్జీ, ఆయన శిష్యులు 2002లో ప్రచురించిన పరిశోధన లోకమంతటా పేరు పొందినది. ఎలుకలను రోజుకు రెండు గంటలచొప్పున పది రోజులు కదలనీయకుండా ఉంచారు. తరువాత మెదడు కణాలను పరిశీలిస్తే, హిప్పోకాంపస్‌లో కణాల కొమ్మలు ముడుచుకుపోయి ఉన్నాయి. కాని అమిగ్డలాలో అదే బాధ కొమ్మలను మరింత గుబురుగా పెంచింది. అమిగ్డలా అంటే గ్రీకు భాషలో బాదం. బాదంగింజ ఆకారంలో ఉండి, ఆపదను కనిపెట్టే భాగమది. అంటే ఒకే కష్టం, నిదానంగా ఆలోచించి సర్దిచెప్పే భాగాన్ని కుదించి, ఉలిక్కిపడే భాగాన్ని పెంచుతున్నది.

వారే 2004లో ఇంకొక సంగతి చెప్పారు. ఆ ఎలుకలకు 21 రోజులు ఏ బాధా లేకుండా విశ్రాంతినిచ్చారు. హిప్పోకాంపస్ కణాలు కోలుకున్నాయి. అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు తగ్గలేదు, బెదురూ పోలేదు. ఇది చదివిన రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు. "పరీక్ష అయిపోయిందిగా, ఇంకా ఏడుపెందుకు?" అని మనం పిల్లలను ఎన్నిసార్లు గదమాయించి ఉంటాం! కారణం పోయినంతమాత్రాన బెదురు పోదు. ఎలుకనుచూచి మనిషినిగురించి ఇంతే అని తీర్పు చెప్పరాదు, నిజమే. కాని నవ్వు ఆగినంతలోనే గాయమూ ఆరిందని అనుకోవడానికి మనకు హక్కు లేదని మాత్రం తోచింది.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. "ఇది నా నుంచే వచ్చిందా?"

దీనికీ మాంట్రియల్‌లోనే కొంత సమాధానం దొరికింది. మెక్‌గిల్‌లో మైకేల్ మీనీ బృందం తల్లి ఎలుకలను గమనించింది. కొన్ని తల్లులు పిల్లలను మాటిమాటికీ నాకి సవరిస్తాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. ఎక్కువగా నాకించుకున్న పిల్లలు పెద్దవైనాక, వాటి హిప్పోకాంపస్‌లో రెండవ రకం గ్రాహకాలు ఎక్కువగా ఉన్నాయని, ఆపద గడవగానే అవి త్వరగా కుదుటపడుతున్నాయని 1997లో ప్రకటించారు. తాతగారి చెవి అక్కడ చురుకుగా ఉన్నది, "ఇక చాలు" అనడం వేళకు జరుగుతున్నది. ఇది రక్తంలో వచ్చిన గుణమేమోనని అనుమానం రాక మానదు. అందుకే పిల్లలను తారుమారుచేసి పెంపుడిచ్చి చూశారు. పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్ల, నాకే తల్లి దగ్గర పెరిగితే ధైర్యంగానే తయారైంది. 2004లో దీని కీలకం చూపించారు. తల్లి లాలన ఆ గ్రాహకపు జన్యువుమీద ఉండే రసాయనపు గుర్తులను మారుస్తున్నదట. జన్యువు అదే, దానిమీద వేసిన ముద్ర వేరు.

ఇది చదివి, తప్పంతా తల్లులదేనని మన మగవాళ్లు తేల్చేస్తారేమోనని మాకు భయం. ఆ పని చేయకండి. మనుషుల్లో బెదురు స్వభావం కొంత వంశంలోనుంచి వస్తుంది, కొంత పెరిగిన తీరునుంచి వస్తుంది, కొంత తగిలిన దెబ్బలనుంచి వస్తుంది. ఏ ఒక్కరిలో ఏది ఎంత అని పాళ్లు కట్టి చెప్పడం కుదరదు. పైగా మన ఇళ్లలో బిడ్డ ఒక్క తల్లి చేతిలో పెరగడు. అవ్వ, తాత, అత్త, పెదనాన్న, ఎదురింటివాళ్లు, సంఘంలోని మావంటి పెద్దమనుషులు, అందరి చేతులూ ఆ బిడ్డమీద పడతాయి. లాలన అందరిదీ అయినప్పుడు లోపమూ అందరిదే.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఈ విషయంలో ఆ సామెత సగమే నిజం. పసితనంలో రోజూ తల్లినుంచి వేరుచేయబడిన ఎలుకపిల్లలను, యౌవనం వచ్చే వేళకు తోటి ఎలుకలు, ఎక్కడానికి దూరడానికి వస్తువులు ఉన్న విశాలమైన గూటిలో పెట్టి చూశారు. వాటి అతి బెదురు తగ్గినట్లు 2002లో వెల్లడైంది. మాను కూడా కొంత వంగుతుంది. నెమ్మదిగా వంచాలి, అంతే.

మరి ఇంట్లో చేయవలసినదేమిటి? బెదిరిన పిల్లవానికి పేరు పెట్టకూడదు. పిరికివాడని పది నోళ్లు అంటే, అది వానికి దండోరాయే. పరీక్షలరోజుల్లో నడిరాత్రిదాకా మేలుకొలిపి చదివించడం మానాలి. నిద్ర తప్పితే హార్మోను తాళమూ తప్పుతుంది. బెదురు కలిగించేదానినుంచి పూర్తిగా తప్పించడమూ మంచిది కాదు, ఒక్కసారిగా అందులోకి తోయడమూ మంచిది కాదు. మెట్టుమెట్టుగా, వాడు తట్టుకోగలిగినంతే ఎదుర్కోనివ్వాలి. మానసిక వైద్యులు చేసే చికిత్సలో ఇదొక ముఖ్యభాగం.

బెదురు వారాల తరబడి నిలిచి, తిండికి, నిద్రకు, చదువుకు అడ్డం వస్తే వైద్యుని దగ్గరకు వెళ్లడానికి సిగ్గుపడవద్దు. బతకాలని లేదనే మాట పిల్లవాని నోట వస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అనే నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. డబ్బు అక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకొక హెచ్చరిక. ఉబ్బసానికో, కీళ్లవాపుకో, మరొకదానికో వాడే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ మందులు తాతగారి చెవిలోనే పడతాయి. అవి వాడేటప్పుడు కొందరికి నిద్ర పట్టదు, మనసు నిలకడగా ఉండదు. అది వారి గుణం మారడం కాదు, మందు పని. డాక్టరుకు చెప్పండి. చాలాకాలంగా వాడుతున్నవారు తమంతట తాము హఠాత్తుగా మానివేయడం ప్రమాదకరం.

ఇవన్నీ ఆ తల్లికి చెప్పాము. ఆమె అంతా విని, "అయితే ఇది నా తప్పు కాదంటారు" అన్నది. "నీ ఒక్కదాని తప్పు ఎట్లా అవుతుందమ్మా, అందులో మా వాటా కూడా ఉన్నది" అన్నాము. ఆమె తల వంచుకున్నది.

మొన్న ఆదివారం గ్రంథాలయంలో మైకు లేకుండా, వేదిక లేకుండా, నలుగురమే కూర్చున్నాము. పిల్లవాడు వచ్చాడు. కాగితంమీద పద్యాన్ని కన్నడ లిపిలో రాసుకుని తెచ్చుకున్నాడు. చూసి చదవవచ్చునా అని అడిగాడు. చదవవచ్చునన్నాము. వాడి తాతగారు గుమ్మం పక్కన కుర్చీలో, ఒక్కమాటా అనకుండా కూర్చున్నారు. కాగితం వణికింది, గొంతూ వణికింది. రెండవ పాదంలో ఆగాడు. ఎవరమూ అందించలేదు, ఎవరమూ నవ్వలేదు. వాడే అందుకుని చివరిదాకా చదివాడు.

వెళ్లేటప్పుడు వాడితో, "నిరుడు నేనొక మాట అన్నాను. అది వెనక్కు తీసుకుంటున్నాను" అన్నాము.

ఏ మాట అని వాడు అడగలేదు. "సరే మామయ్యా" అన్నాడు.